సదాశివరావు గారి కొమ్ముల పురుగు

సదాశివరావు గారు అడవిదున్న పేడలో చెయ్యిపెట్టి తీసిన పురుగుకి వాళ్ల పరిశోధన సంస్థ డైరెక్టరు పేరు పెట్టారు. పెట్టినవాడు ఆయన పై అధికారి, డాక్టర్ భసీన్. ఎనభైల మొదట్లో సంగతి. మారేడుమిల్లి అడవిలో వానాకాలం. పేడ పక్కన గొంతుక్కూర్చుని జలగల చేత కరిపించుకున్నది రావుగారు. జీపులో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగింది భసీన్. ఢిల్లీ తిరిగొచ్చాక ఆ పురుగుకి బొమ్మలు గీసింది కూడా రావుగారే. వ్యాసం అచ్చయ్యాక చూసుకుంటే పురుగు పేరు డైరెక్టరుది, దాని వెనకాల భసీన్ పేరు. అడుగున సన్నక్షరాల్లో ఒక వాక్యం: "పేడ సేకరణలో సాయపడిన శ్రీ ఎస్. రావుకు కృతజ్ఞతలు."

అప్పటికే ఆయనకి డాక్టరేటు ఉంది. అయినా శ్రీ అనే వేశారు. ఆ వాక్యం వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ నోటికొచ్చేసింది. కారిడార్‌లో ఎదురైతే "గోబర్ రావ్‌జీ, నమస్తే" అనేవారు. గోబర్ అంటే హిందీలో పేడ. క్యాంటీన్ వాడు కూడా అదే పేరుతో చాయ్ పంపేవాడు. రావుగారు కోపగించుకునే రకం కాదు. నమస్తేకి నమస్తే పెట్టి, చాయ్ తాగి, తన గదిలోకి వెళ్లి కూర్చునేవారు. కానీ ఆ వ్యాసం కాపీ మాత్రం ఇంట్లో బీరువాలో, భార్య సుభద్రగారి పట్టుచీరల కింద భద్రంగా ఉండేది. మనిషి దేన్ని ఎక్కడ దాచుకుంటాడో చూస్తే వాడికి ఎక్కడ తగిలిందో తెలుస్తుంది.

పురుగులవాళ్ల లోకంలో ఒక ఆచారం ఉంది. కొత్త జాతిని మొదట వర్ణించి అచ్చువేసినవాడి పేరు ఆ పురుగు పేరు వెనకాల శాశ్వతంగా తగులుకుంటుంది. పురుగుకి తన పేరే పెట్టుకోవడం మర్యాద కాదు. ఇంకొకరిది పెట్టాలి. కానీ వెనకాల తోకలాగా తన పేరు ఉండొచ్చు. మనిషి రిటైరైనా పోయినా ఆ తోక ఊడదు. ప్రపంచంలో ఎవరు ఎప్పుడు ఆ పురుగు గురించి రాసినా తోకతో సహా రాయాలి. సదాశివరావు గారికి ఈ జన్మలో కావలసింది ఆ తోక ఒక్కటే. ప్రమోషన్ కూడా అక్కర్లేదనేవారు. ఇవ్వలేదు కాబట్టి అనడం తేలికే.

నాకు ఆయన తొంభై నాలుగులో పరిచయం. మా నాన్న కంటోన్మెంట్‌లో హవల్దారుగా ఉన్న రోజుల్లో ఢిల్లీ వచ్చాం. ఆయనకి బదిలీ అయినా నేను ఉండిపోయాను. కటవారియా సరాయ్‌లో గది, బేర్ సరాయ్‌లో ఒక టైపింగ్ దుకాణంలో పని. ఇతరుల థీసిస్‌లు టైపు చేసేవాణ్ణి. నా చేతిమీదుగా ఎంతోమంది డాక్టర్లయ్యారు. ఇంటర్‌లో ఫిజిక్స్ గట్టెక్కని నేను వాళ్ల వాక్యాలకి క్రియలు అతికించేవాణ్ణి. ఆదివారాలు దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేవాణ్ణి. ఎవరి మీదా మంచి అభిప్రాయం ఉండేది కాదు.

ఒక సాయంత్రం పొట్టిగా, బట్టతలతో, మోచేతుల దగ్గర అరిగిన స్వెటర్‌లో ఒకాయన వచ్చారు. కాగితాలు ఇవ్వడానికి ముందు దుకాణంలో ఎవరున్నారో చూసుకున్నారు. నా బల్లమీద తెలుగు వారపత్రిక కనబడగానే ఆయన భుజాలు దిగాయి. ఆఫీసులో టైపిస్టు ఉన్నాడట గానీ అతను భసీన్ మనిషట. ఈ వ్యాసం పోస్టులో పడేదాకా భసీన్‌కి తెలియకూడదట. ఇంతాచేసి ఆ కాగితాల్లో ఉన్నది ఒక పేడపురుగు.

కిందటి వానాకాలం వరి తెగుళ్ల సర్వే అని ఆయన్ని గోదావరి వైపు పంపించారు. పని అయిపోయాక సెలవు పెట్టి అదే అడవికి వెళ్లారు. అదే అడవిదున్నల దారిలో, అలాంటి పేడలోనే, ఈసారి ఒక్కటే ఒక్క పురుగు దొరికింది. మగది. తలమీద రెండు కొమ్ములు, వెనక్కి వంగి, దున్నపోతుకి ఉన్నట్టే. పాత పురుగులన్నీ బోడివి, మాసిన నలుపువి. ఇది వాటికి రెండింతలు, నల్లగా మెరుస్తూ, వెలుతురులో తిప్పితే ఆకుపచ్చ పొడ చూపేది. కొత్త జాతి అని చూసిన క్షణంలోనే అనుకున్నారట. అలా అనుకోవాలని ఆయన పన్నెండేళ్లుగా కాచుక్కూర్చున్నారు మరి.

పురుగుని ఆఫీసులో పెట్టలేదు. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో, వంటింటి అటకమీద, ఖాళీ ఇంగువ డబ్బాలో పెట్టారు. ఎండిన పురుగుల్ని తినే పురుగులు ఇంకొన్ని ఉంటాయట. ఇంగువ వాసనకి అవి రావని ఆయన సిద్ధాంతం. నాకు చూపించినప్పుడు నేను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కొత్త జాతో కాదో తెలియదు కానీ పోపు మాత్రం గుర్తొచ్చింది.

ఆ వర్ణనని నేను ఎన్నిసార్లు టైపు చేశానో చెప్పలేను. అలాంటి వర్ణన అంతకుముందు ఎక్కడా చదవలేదు. తల నుంచి మొదలెట్టి తోకదాకా ఒక పద్ధతిలో దిగాలి, మధ్యలో ఆగి ఆహా అనకూడదు. తల ముందు అంచు పారలాగా పలచగా ఉంటుంది, పేడని తవ్వడానికి. దానికింద నోరు, పైకి కనబడదు. కళ్లు సగం పైన, సగం కింద. ముందుకాళ్లకి రంపపు పళ్లు. వీపు మొదట్లో ఒక డాలు, దానిమీద సూదిమొనతో పొడిచినట్టు సన్నటి గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో వెంట్రుక. ఆ వెనక రెక్కల మీది డిప్పలు, వాటిమీద దున్నిన చాళ్లలాగా గీతలు. ఆ గీతల మధ్య ఎడమెంత, గీతల్లో చుక్కలున్నాయా, ఉంటే అవి గీతని దాటి బయటికొచ్చాయా అన్నదానికే ఒక పేజీ. ఈ దేశంలో మనిషి గురించి ఇంత ఓపిగ్గా రాసిన కాగితం నేను చూడలేదు. నాది రేషన్‌కార్డులో ఒక్క వరస, అందులోనూ వయసు తప్పు.

రంగు దగ్గర ఆయన నన్ను చంపేవారు. మొదటిసారి నలుపు అని రాశారు. మర్నాడొచ్చి నలుపు కాదోయ్, కీలు నలుపు అన్నారు, అంటే తారు. తర్వాత తారు కొట్టేసి, ఎర్రటి ఛాయ ఉన్న నలుపు. ఆఖరికి దుకాణం బయట చాయ్‌వాడి మూకుడు చూసి, అదీ, ఆ అడుగు నలుపు అన్నారు. మూకుడుకి ఇంగ్లిష్ దొరక్క మళ్లీ తారుకే వచ్చాం.

అన్నీ రాసిన ఆ మనిషి ఒకచోట నాలుగు వరసలు ఖాళీ వదిలేశారు. మగ అవయవం అన్న శీర్షిక ఉంది, కింద ఏమీ లేదు. నేను అడిగాను. పురుగుల్లో జాతి తేల్చేది కొమ్ములూ రంగులూ కావట, కడుపులో దాగిన ఆ అవయవం ఆకారమట. తాళంచెవి లాంటిది. ఏ జాతి చెవి ఆ జాతి తాళానికే పడుతుంది. దాని బొమ్మ లేకపోతే పత్రికవాళ్లు వ్యాసం తిప్పి పంపుతారు. మరి గీయొచ్చు కదా అంటే, ఉన్నది ఒక్కటే పురుగు, కోసేటప్పుడు చెయ్యి వణికితే మొత్తం పోతుందన్నారు. ఆ మాట నిజమే. కానీ ఆయన చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. దోమ కాలికున్న ముళ్లు గీసే చెయ్యి అది.

ఖాళీ కింద ఆఖరి వాక్యం మాత్రం పూర్తిగా ఉంది. "ఆడది: తెలియదు." మగవి మాత్రమే దొరికినప్పుడు అలా రాయడం రివాజట. భసీన్ పాత వ్యాసం కూడా ఆ వాక్యంతోనే ముగిసిందట. సుభద్రగారికి ఈ మాట చెబితే, మీ ఆఫీసులో ఇంతమంది ఉండి అది ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టిందా అన్నారు.

సుభద్రగారి సంగతి చెప్పాలి. కొత్త పురుగుకి ఎవరి పేరు పెట్టాలన్నది రావుగారు ఎప్పుడో తేల్చుకున్నారు. భార్య పేరు. పెళ్లయ్యాక ఆవిడకి ఆయన ఇచ్చిన బహుమతి ఏదైనా ఉంటే అది కరోల్ బాగ్‌లో కొన్న ప్రెషర్ కుక్కర్ ఒక్కటే. అందుకని ఒక ఆదివారం భోజనాల దగ్గర, నేను కూడా ఉండగా, గొంతు సవరించుకుని విషయం చెప్పారు. ఆవిడ పప్పు గరిటె పట్టుకునే అడిగారు.

"అది పేడ తింటుందా, పేడలో ఉంటుందా?"

"రెండూనే."

"అయితే మీ భసీన్ పేరు పెట్టండి."

కూతురు హరిత పదో తరగతి. మమ్మీ, సోచో, కాస్త ఆలోచించు, లాటిన్‌లో ఉంటుంది నీ పేరు అంది. వాళ్లమ్మ లాటిన్‌లో పెడితే మాత్రం పేడ బంగారమవుతుందా అన్నారు. ఆ పూట రావుగారికి పెరుగు తనే వడ్డించుకోవలసి వచ్చింది.

కానీ కొన్ని వారాలయ్యాక వినాయకచవితి పందిట్లో సెక్టారులోని తెలుగు ఆడవాళ్లందరి మధ్యా సుభద్రగారు వేరేలా మాట్లాడుతుంటే విన్నాను. సైన్సులో ఒక పేరు శాశ్వతంగా ఉండిపోతుందనీ, అదీ తన పేరనీ, అడవిలో దొరికిన చాలా అరుదైన ప్రాణి అనీ చెబుతున్నారు. పట్టురకమా అని ఎవరో అడిగారు. అలాంటిదే, మెరుస్తుంది అన్నారు. పేడ ప్రస్తావన రాలేదు. ఆ దెబ్బతో దారిలో అందరూ రావుగారిని ఎప్పుడు అచ్చవుతుందండీ అని అడగడం మొదలెట్టారు. ఆయన దారి మార్చి, చుట్టూ తిరిగి బేర్ సరాయ్ వచ్చేవారు.

నాలుగు వరసలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. సర్, వదిలేసి పంపించండి అని నేనే అన్నాను. పంపిస్తే తిప్పి పంపుతారు, అప్పుడు భసీన్‌కి తెలుస్తుందన్నారు. ఇంకెంతకాలం ఈ ఇంగువ డబ్బా అని కూడా అన్నాను. ఆయన నవ్వారు గానీ మొహంలో నవ్వు లేదు.

దీపావళి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితాలు ఇవ్వడానికి వాళ్లింటికెళ్లాను. తల్లీకూతుళ్లు బాలాజీ గుడికెళ్లారు. రావుగారు వంటింట్లో ఉన్నారు. స్టవ్ మీద ఇడ్లీ కుక్కర్. ఎండిన పురుగుని అలాగే కోస్తే పొడి అయిపోతుంది, ఆవిరి పట్టి మెత్తబరచాలి. ఇడ్లీ పళ్లెంలో ఒక గుంటలో తడిగుడ్డ, దానిమీద కొమ్ములు పైకి పెట్టి ఆ మహానుభావుడు. ఆంటీకి తెలుసా అని అడిగాను. తెలిస్తే ఆవిడ కోసేది పురుగుని కాదు అన్నారు.

మెత్తబడ్డాక బల్లమీద తెల్ల పళ్లెంలో పెట్టి, స్టాండుకి బిగించిన భూతద్దం కిందకి జరిపారు. కడుపు చివర పొరని సన్నటి సూదితో ఎత్తి, ఇంకో సూదితో లోపల్నుంచి ఒకటి లాగారు. నాకు గోధుమరంగు పొట్టులాగా కనబడింది. చుక్క నీళ్లలో వేసి కడిగారు. చెయ్యి వణకలేదు. నేను అనుకున్నట్టే. భూతద్దంలో చూశారు. సూదితో పక్కకి తిప్పి చూశారు. కొసన చిన్న కొక్కెం ఉంది, నేనూ చూశాను. ఆయన పెన్సిల్ అందుకోలేదు. నేను కాగితం ఆయన వైపు జరిపాను.

"అక్కర్లేదోయ్," అన్నారు. "దీన్ని నేను ఇదివరకే గీశాను."

అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. ఎనభైల్లో, భసీన్ వ్యాసానికి, ఆ బోడి నల్ల పురుగుకి ఆయన గీసిన బొమ్మ ఇదే. అదే కొక్కెం, అదే వంపు. కొమ్ములున్నదీ కొమ్ముల్లేనిదీ ఒకటే జాతి. ఆయన ఇన్నేళ్లు ఆశపడిన కొత్త జాతి, పెద్దగా పెరిగిన ఆ పాత పురుగే. పేరు ఇదివరకే ఉంది. డైరెక్టరుది. తోకా ఉంది. భసీన్‌ది.

ఆయనకి ముందే అనుమానం ఉంది. పేడపురుగుల్లో మగవి రెండు రకాలుగా పెరుగుతాయని ఆయనకి తెలియకపోవడమేమిటి. తల్లి పేడ ఉండ చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి పూడుస్తుంది. పెద్ద ఉండ దొరికిన పిల్ల కొమ్ములతో బయటికొస్తుంది. చిన్న ఉండ దొరికినది బోడిగా వస్తుంది. అంతే తేడా. నాలుగు వరసలు ఖాళీగా ఉన్నంతకాలం ఆ పురుగు ఆయనది. అందుకే ఖాళీగా ఉంచారు.

నాకు ఒళ్లు మండింది. సర్, ఈ కొక్కెం చూసేవాళ్లు ప్రపంచంలో ఎంతమంది అన్నాను. బొమ్మలో వంపు కాస్త మార్చి గీయండి, ఇంకో యాభై ఏళ్లదాకా ఎవడూ ఆ అడవికి పోడు, పోయినా పేడలో చెయ్యిపెట్టడు, మీ చెయ్యి దొంగిలించి వాళ్లు పేరు తెచ్చుకుంటే మీరు ఒక వంపు మార్చలేరా అన్నాను. నేను టైపు చేసిన థీసిస్‌ల్లో ఇంతకంటే పెద్ద వంపులున్నాయి. అది కూడా చెప్పాను.

ఆయన పురుగుని తిరిగి తడిగుడ్డ మీద పెడుతూ విన్నారు.

"మనం రెండు జాతులని రాసుకుంటాం సరే," అన్నారు. "ఆ ఆడపురుగు ఊరుకుంటుందా?"

నేను నవ్వకూడదనుకున్నాను. నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వుతుండగానే తలుపు చప్పుడైంది. సుభద్రగారు కొబ్బరిచిప్పతో సహా వంటింట్లోకి వచ్చి, బల్లనీ మా మొహాల్నీ చూసి, చివరికి ఇడ్లీ పళ్లెం వైపు చూశారు. ఆవిడ అరవలేదు. ఆ పళ్లేన్ని రెండు వేళ్లతో పట్టుకుని బాల్కనీలో తులసికుండీకి దూరంగా పెట్టి వచ్చారు. తర్వాత అడిగారు, అయిపోయిందా అని. రావుగారు జరిగింది చెప్పారు. ఆవిడ బల్లమీది సూదులు ఒక పక్కకి జరిపి కొబ్బరిచిప్ప పెట్టారు.

"పేడపురుగుకా నా పేరు అని మిమ్మల్ని సాధించాను," అన్నారు. "ఇప్పుడు దానికీ నోచుకోలేదు. పందిట్లో అందరికీ ఏమని చెప్పను?"

కొబ్బరి కొట్టి, చెరో ముక్క మా చేతుల్లో పెట్టి, ఆవిడే అన్నారు, అచ్చులో ఆలస్యమైందని చెబుతాలెండి, ప్రభుత్వాఫీసు కదా, నమ్ముతారు అని. వాళ్లు నమ్మారు కూడా.

వ్యాసం తిరగరాశాం. అదే వర్ణన, అదే తారు నలుపు. కానీ శీర్షిక ఫలానా జాతిలో పెద్ద మగదాని గురించి అని. డైరెక్టరు పేరు, దాని వెనక భసీన్ పేరు ప్రతి పేజీలోనూ వచ్చాయి. కీబోర్డు మీద ఆ అక్షరాలు కాస్త గట్టిగా కొట్టాను. ఖాళీ వరసల్లో ఒక్క వాక్యం పడింది, పాత బొమ్మ చూడుడు అని. కింద కృతజ్ఞతల్లో ఆవిరి పాత్ర ఇచ్చినందుకు శ్రీమతి సుభద్రకి అని రాయమన్నారు. పత్రికవాళ్లు ఏమనుకున్నారో గానీ దాన్ని కొట్టెయ్యకుండా వేశారు. అలా ఆవిడ పేరు సైన్సులోకి వెళ్లింది. పందిట్లో అబద్ధం చెప్పలేదన్నమాట.

ఇందులో బాగా సంతోషించినవాడు భసీన్. తను కనిపెట్టిన అల్పప్రాణికి ఇంత వైభవం ఉందని ఆయనకి తెలియదు. క్యాంటీన్‌లో అందరిముందూ రావుగారి భుజం మీద చెయ్యి వేసి, "గోబర్ రావ్ నే మేరే కీడే కో సీంగ్ లగా దియే" అన్నాడట. నా పురుగుకి కొమ్ములు పెట్టాడు అని. రావుగారు ఇది నాకు చెబుతూ నవ్వారు. ఈసారి మొహంలో కూడా నవ్వుంది. నాకే రాలేదు.

తర్వాత ఆయన దుకాణానికి అప్పుడప్పుడు వచ్చేవారు, పని లేకపోయినా. నేను టైపు చేసిన థీసిస్ తాలూకు ఒకతను సివిల్ సర్వీసెస్‌లో ర్యాంకు తెచ్చుకుని మిఠాయి డబ్బాతో వచ్చిన రోజు కూడా ఉన్నారు. అతను వెళ్లాక నేను అతని గురించి, వాళ్ల నాన్న గురించి, వాళ్ల కారు గురించి చాలా మాట్లాడాను. రావుగారు రెండు లడ్డూలు తిని, పెద్ద ఉండ దొరికిందిలే అన్నారు. అది ఓదార్పో వెక్కిరింతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తొంభై ఎనిమిది జూన్‌లో ఆయన రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి రాజమండ్రి వెళ్లిపోతున్నారు. నిజాముద్దీన్ స్టేషన్‌కి వెళ్లాను. సుభద్రగారూ హరితా సామాన్ల దగ్గర కూలీతో గొడవపడుతున్నారు, తల్లి తెలుగులో, కూతురు హిందీలో. రావుగారు కిటికీ దగ్గర కూర్చుని ఒళ్లో ఒక సంచీ పట్టుకున్నారు. అందులోంచి వాసన వస్తోంది.

ఏమీ సాధించకుండా వెళ్లిపోతున్నారని నాకు కష్టంగా ఉంది. ఆ మాట అనలేక, మరి మీ పేరు సర్, ఏ పురుగు వెనకాలా లేకుండానే పోతుంది కదా అన్నాను. రైలు కదిలే టైమయింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, అటు భార్య వింటుందేమోనని చూసుకుని, గొంతు తగ్గించారు.

"భసీన్ ఏం రాశాడు? ఆడది: తెలియదు. నేనేం రాశాను? అదే. వానలు మొదలవగానే అడవికి వెళ్తున్నా. పేరు రాదులే, అయినా ఆవిడెవరో చూడాలి కదా. మీ ఆంటీకి చెప్పకు. కొత్త ఇంగువ డబ్బా తీసుకొచ్చేశాను, ఇంకా సగం ఇంగువ ఉంది అందులో."